చేతగానివాని వేషము



మన యౌవనస్థులు శనివారము సాయంకాలము ఆడుకొనే ఆట గురించి ఈ మధ్య ఇద్దరు తల్లిదండ్రులు, ఒక సహోదరి వేరువేరుగా వచ్చి మమ్మును అడిగినారు. ఆట ఆడవచ్చునా కూడదా అన్నది వారి ప్రశ్న కాదు. తెలివి, చదువు, మంచి ఉద్యోగము ఉన్న పిల్లవాడు కోరి చేతగానివాని వేషము వేసికొని, వారము వారము తప్పులు చేస్తూ, నలుగురిని నవ్విస్తూ ఉండుట విశ్వాసికి తగునా అన్నది ప్రశ్న. అవుననో కాదనో చెప్పి పంపించే సంగతి కాదని మాకు తోచింది. గనుక ఇక్కడ వ్రాస్తున్నాము.

ముందుగా ఆట తెలియని పెద్దల కొరకు రెండు మాటలు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు. మిగిలినవారు కథలో ఒక్కొక్క పాత్ర తీసికొని, "నేను వాగు దాటుతాను", "నేను కోట తలుపు తట్టుతాను" అని చెప్తారు. ఆ పని జరిగిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. మన వైకుంఠపాళిలో వేసే ఆరు ముఖముల పాచిక కాదు, ఇరవై ముఖములు గలది. ఈ రకపు ఆటలలో మొదట అచ్చయి అమ్మకానికి వచ్చినది డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇద్దరు దానిని తయారు చేశారు. ఇప్పుడు బెంగళూరులో ఇటువంటి బల్ల ఆటలకు చోటిచ్చే కాఫీ షాపులు కూడ ఉన్నాయి. మన పిల్లలు కాఫీ ఖర్చు తగ్గించుకొని సంఘపు హాలులో ఆడుకొంటున్నారు.

పాచిక అనగానే కొందరికి జూదము గుర్తుకు వస్తుంది. ఇందులో డబ్బు లేదు, పందెము లేదు. చీట్లు వేయుటయే తప్పైతే అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయములో మత్తీయను ఎన్నుకొన్న విధమును మనము ఏమనాలి? ఇక మంత్రములు, మాంత్రికులు అను భయము. 1980లలో అమెరికా సంఘములలో ఈ ఆటపై పెద్ద కలవరము పుట్టింది. జాక్ చిక్ అను ఆయన 1984లో దీనికి విరోధముగా బొమ్మల కరపత్రమే అచ్చువేశారు. ఆట ఆడితే పిల్లలు ప్రాణము తీసికొంటారని కూడ అన్నారు, కాని తరువాత పరిశీలించినవారికి అటువంటి సంబంధము కనబడలేదు. మన పిల్లలైతే మాంత్రికులను తీసివేసి, ఉప్పు బండ్లను కొండ దాటించి కరవు ఊరికి చేర్చే కథ పెట్టుకొన్నారు. ఆ భాగము అంతటితో వదిలివేద్దాము.

అసలు సంగతి అంకెలలో ఉన్నది. ప్రతి పాత్రకు ఆరు గుణములు: బలము, చురుకుదనము, ఓర్పు, తెలివి, వివేకము, నలుగురిని ఆకట్టుకొనే శక్తి. మొదటి రోజులలో ఒక్కొక్క గుణమునకు మూడు మామూలు పాచికలు వేసి కూడేవారు. అంటే అన్నిటికంటె తక్కువ 3, ఎక్కువ 18. ఎవరి పాలికి ఏది వస్తే అదే. ఈనాటి నియమములలో పాచిక వద్దనుకొనేవారికి ఆరు అంకెలు సిద్ధముగా ఇస్తారు: 15, 14, 13, 12, 10, 8. ఆ 8 ఎక్కడో ఒకచోట పెట్టుకోక తప్పదు. అన్నిటిలో ఆరితేరినవాడు ఆ లెక్కలో పుట్టనే పుట్టడు.

మేము చెప్పుకొనే పిల్లవాడు, కథ నడిపించేవారి అనుమతి తీసికొని, తెలివికి 6 పెట్టుకొన్నాడు. పైగా బృందములో దారి చూపే పని తనకే కావాలన్నాడు. దారి పటము సరిగా చదవాలంటే 15 రావాలని అనుకొందాము. తెలివి 18 ఉన్నవానికి పాచికపై పడిన అంకెకు 4 కలుపుతారు. కనుక 11 పడితే చాలు. ఇరవైలో పది సార్లు గెలుస్తాడు. తెలివి 6 ఉన్నవానికి 2 తీసివేస్తారు. 17 పడాలి. అంటే ఇరవైలో నాలుగు సార్లు. సున్న కాదు, నాలుగు. ఆటలో చేతగానివానికి కూడ ఆ నాలుగు సార్లు ఉన్నాయి. మనము ఎవనినైనా "వాని వల్ల కాదు" అని ప్రక్కన పెట్టినప్పుడు ఆ నాలుగు కూడ మిగల్చము.

ఎందుకు ఈ వేషము అని మేము అతనిని అడిగినాము. "అంకుల్, ఆఫీసులో ఏడాది పొడుగునా అంకెలే. అప్రైజల్ వచ్చిందంటే రేటింగు. మీటింగులో 'ఇది నాకు రాదు' అన్న మాట నోట రానివ్వకూడదు. ఇక్కడ ఒక్కచోట ఆ మాట గట్టిగా అనగలుగుతున్నాను" అన్నాడు.

ఈ జవాబు మమ్మును కొంత కాలము ఆలోచింపజేసింది. మనలో పెద్ద తరమువారి ఇండ్లు కొన్ని హెచ్.ఎ.ఎల్., ఐ.టి.ఐ., హెచ్.ఎం.టి., బి.ఇ.ఎల్. కర్మాగారముల మూలముగా ఈ ఊరిలో నిలబడినవి. హెచ్.ఎ.ఎల్. 1940లో, ఐ.టి.ఐ. 1948లో, హెచ్.ఎం.టి. 1953లో, బి.ఇ.ఎల్. 1954లో పుట్టినవి. నెల్లూరు నుండి, ఒంగోలు నుండి, కర్నూలు నుండి రైలు దిగినవారు ఈ ఊరిలో మొదట నేర్చిన మాట "కన్నడ గొత్తిల్ల". ఆ రెండు మాటలతోనే బస్సు ఎక్కినారు, బియ్యము కొన్నారు, ఇల్లు అద్దెకు తీసికొన్నారు. రాదని చెప్పుటకు సిగ్గుపడలేదు గనుక ఎవరో ఒకరు నేర్పినారు. వారి మనుమలకు మూడు భాషలు, నాలుగు కంప్యూటరు భాషలు వచ్చును కాని, రాదని చెప్పే ధైర్యము మాత్రము శనివారము సాయంకాలము వేషము కట్టితేనే వస్తున్నది. దీనికి పిల్లలను తప్పు పట్టలేము. ఆదివారపు బడిలో కంఠతా వాక్యము తప్పితే కన్నవారే ముఖము ముడుచుకొంటున్నారు.

అయినా ప్రశ్న ప్రశ్నగానే ఉన్నది. ఉన్న తెలివిని లేనట్లు కనుపరచుట అబద్ధము కాదా? సమూయేలు మొదటి గ్రంథము 21వ అధ్యాయములో దావీదు గాతు రాజైన ఆకీషు ఎదుట పిచ్చివానివలె నటించినాడు. తలుపుల మీద గీతలు గీసి, గడ్డము మీద ఉమ్మి కారనిచ్చినాడు. అక్కడ ఆకీషుకు అది నటన అని తెలియదు. తెలియకూడదనియే దావీదు అలాగు చేసినాడు. ప్రాణభయము గనుక అతనిని విమర్శించుటకు మేము తొందరపడము. బల్ల దగ్గర సంగతి వేరు. ఆ పిల్లవాడు తెలివిగలవాడని అక్కడున్న అందరికీ తెలుసు, అది వేషమని అందరికీ తెలుసు. మోసపోయినవాడు ఒక్కడూ లేనిచోట మోసము ఎక్కడిది? క్రిస్మస్ నాటికలో హేరోదు వేషము వేసినవాని మీద మనము క్రమశిక్షణ చర్య తీసికొనలేదు గదా.

నిజమైన అబద్ధపు వేషము వేరేచోట ఉన్నది. మహాసభలో మినిట్స్ వ్రాయుటకు ఒకరు కావాలనగానే ఎం.ఏ.లు చదివిన సహోదరులకు హఠాత్తుగా చేతివ్రాత పోతుంది. సంఘపు లెక్కలు చూడమంటే బ్యాంకులో ముప్పది ఏండ్లు పనిచేసినవారు "లెక్కలు మనకు రావండీ" అంటారు. ఇంటిలో టీ పెట్టుట ఇరవై ఏండ్లుగా చేతగాని భర్తలు, ఆఫీసు క్యాంటీను మిషనులో ఏ బొత్తాము నొక్కితే ఏది వస్తుందో కంఠతా చెప్తారు. ఇది ఆకీషు కత్తి లేకుండ కట్టిన పిచ్చి వేషము. దీనివలన ఎవరి ప్రాణమూ నిలువదు, ఇంకొకరి వీపు మీద బరువు మాత్రము పెరుగుతుంది. పిల్లల ఆటపై ఫిర్యాదు తెచ్చినవారు దీనిని గురించి ఎన్నడూ ఫిర్యాదు తేలేదు.

ఇక వేషము ఎలాగు వేయాలి అన్న సంగతి. మా దృష్టిలో ప్రశ్నకు గుండెకాయ ఇక్కడ ఉన్నది. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారికి చేతగానివాని వేషము కొత్త కాదు. సూక్ష్మ బోధన అను పద్ధతి 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో మొదలై మన దేశపు శిక్షణ కళాశాలలకు వచ్చింది. 6 నిమిషములు పాఠము, 6 నిమిషములు విమర్శ, 12 నిమిషములు తిరిగి సిద్ధపడుట, మరల 6 పాఠము, 6 విమర్శ. మొత్తము 36. అక్కడ నిజమైన పిల్లలు ఉండరు. తోటివారే పిల్లలుగా కూర్చుంటారు. అందులో ఒకరు వెనుకబడిన విద్యార్థి వేషము వేయాలి.

మాతో శిక్షణ పొందిన ఒకాయన ఆ వేషము తన వంతుకు వచ్చినప్పుడెల్లా నోరు తెరచి, తల గోక్కొని, బెంచీ మీదనుండి జారిపడి అందరినీ నవ్వించేవాడు. పాఠము చెప్పేవానికి దానివలన చీమంత ఉపయోగము లేదు. మరొక సహోదరి అదే వేషములో ఉండగా, 52లోనుండి 27 తీసివేస్తే ఎంత అని అడిగినారు. ఆమె తడుముకోకుండ 35 అన్నది. గది ఒక్క క్షణము ఊరకుంది. రెండులోనుండి ఏడు పోదు, కాబట్టి ఏడులోనుండి రెండు తీసివేసింది, ఐదు వచ్చింది. ఐదులోనుండి రెండు పోతే మూడు. ముప్పది ఐదు. జవాబు తప్పే, కాని గాలికి వచ్చినది కాదు. ఆ బిడ్డకు ఒక నియమము ఉన్నది: ఎప్పుడును పెద్ద అంకెలోనుండి చిన్న అంకె తీసివేయాలి. ఎవరో ఒకప్పుడు అలాగే చెప్పి ఉంటారు. పాఠము చెప్తున్నవాడు తాను ఎక్కడ మొదలుపెట్టాలో అప్పుడు తెలిసికొన్నాడు.

ఆ సహోదరి తరగతులలో అటువంటి బిడ్డల ప్రక్కన కూర్చుండి వారి పలకలు చూచినది. బెంచీ మీదనుండి పడినాయన చూడలేదు. చేతగానివాడు ఊరకే చేతగానివాడు కాదు. తనకు తెలిసినంతలో సరియైనదే చేస్తున్నానని అనుకొంటాడు, మనస్ఫూర్తిగా చేస్తాడు, అయినా తప్పిపోతాడు. ఆ కారణము వెదకి పట్టుకొని వేషము వేసినవాడు ఆ మనిషిని గౌరవించినట్లే. కారణము లేకుండ కేవలము తప్పులే చూపించినవాడు ఆ మనిషిని ఎన్నడూ చూడనివాడు.

మన పిల్లవాని వేషము ఎట్టిదో చూడవలెనని మేము ఒక శనివారము వెనుక కుర్చీలో కూర్చున్నాము. అతని దారి చూపేవాడు పటము చదవలేడు గనుక దారిలో కనబడిన వారినందరినీ అడుగుతాడు. అడిగిన ప్రతివారి మాట నమ్ముతాడు. చివర ఎవరు చెప్తే ఆ వైపు బండ్లు తిప్పుతాడు. బెంగళూరులో అడ్రసు కొరకు తిరిగిన వారందరికీ ఇది అనుభవమే! ఆ రాత్రి బండ్లు ఒక బురద వాగులో దిగబడినాయి. అతడు మాత్రము అందరికంటె ముందు దిగి చక్రము క్రింద భుజము పెట్టినాడు. నవ్వినాము. ఆ నవ్వులో ఎవరినీ తక్కువ చేసినట్లు మాకు తోచలేదు.

మన బుర్రకథలో కూడ ఇటువంటి వేషము ఉన్నది. మధ్యను తంబూరతో కథకుడు, ఇరు ప్రక్కల ఇద్దరు వంతలు. అందులో ఒకరు హాస్యపు వంత. అతడు తెలియనట్లు అడ్డు తగిలి ప్రశ్న వేస్తాడు, కథకుడు విడమరచి చెప్తాడు. కూర్చున్న వెయ్యిమందిలో అదే అనుమానము ఉన్నవాడు సిగ్గుపడకుండ బయటపడతాడు. సువార్త బుర్రకథలు విన్న పెద్దలకు ఇది గుర్తుండే ఉంటుంది. యోహాను సువార్త 14వ అధ్యాయములో తోమా దారి తెలియదన్నాడు, ఫిలిప్పు తండ్రిని చూపించుమన్నాడు. వారిద్దరూ తెలిసినవారివలె తల ఊపి ఊరకుండి ఉంటే, ఆ ప్రశ్నలకు ప్రభువు ఇచ్చిన జవాబులు మనకు ఉండేవి కావు.

కాని ఫిర్యాదు తెచ్చిన సహోదరి చూచినది ఇది కాదు. అంతకు ముందు వారము మన పిల్లవాడు ఊరిలో లేడు. ఆ వేషము మరొక అబ్బాయి వేసినాడు. అతనికి కారణములతో పని లేదు, నవ్వు కావాలి. దారి చూపేవానికి ఒక పల్లెటూరి యాస తగిలించినాడు. "ఏందయ్యో", "యాడికి బోతుండాం" అని సాగదీసి పలికిన ప్రతిసారి హాలు గొల్లుమంది. అదే సమయములో ఆమె టీ గ్లాసుల పళ్ళెము పట్టుకొని గుమ్మములో ఉన్నది. ఆ యాస ఆమెది. గ్లాసులు బల్ల మీద పెట్టి ఏమీ అనకుండ వెళ్ళిపోయింది. తరువాత మా దగ్గరకు వచ్చి అడిగినది ఒక్కటే మాట: "అట్టా మాట్టాడేటోళ్ళు తెలివిలేనోళ్ళా అయ్యా?"

ఆ ప్రశ్న ఆ ఒక్క అబ్బాయికి సంబంధించినది కాదు. మన నాటకములు, సినిమాలు ఎన్నో ఏండ్లుగా హాస్యగానికో, రౌడీకో ఒక యాస, నాయకునికి మరొక యాస ఇస్తూ వచ్చినవి. తెలంగాణ మాటను అలాగు వాడినారన్న బాధ 2014లో రాష్ట్రము ఏర్పడక ముందు జరిగిన ఉద్యమములో గట్టిగా వినబడింది. రాయలసీమ మాటకు, ఉత్తరాంధ్ర మాటకు కూడ ఇదే గతి పట్టింది. సినిమాలు చూడవచ్చునా అన్న చర్చ ఇప్పుడు ఎత్తము. చూచినవారికీ చూడనివారికీ ఆ అలవాటు అంటుకొన్నదని మాత్రము చెప్తున్నాము. మరి మన తెలుగు బాప్టిస్టు సంఘముల చరిత్ర ఏమిటి? 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతములో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినారని మనము గర్వముగా చెప్పుకొంటాము. వారిలో అత్యధికులు ఊరి వెలుపల ఉంచబడినవారు, ఊరివారు బుద్ధిహీనులని పిలిచినవారు. వారి మాటయే ఆ సహోదరి మాట. దానిని తెలివితక్కువతనానికి గురుతుగా వాడుట మనకు తగదు. ఆ అబ్బాయికి చెడ్డ ఉద్దేశము లేదు. అది తన సొంత అమ్మమ్మ మాట, అతనికి తెలిసిన నవ్వు అదొక్కటే. మరుసటి ఆదివారము ఆరాధన అయిన తరువాత ఆమె దగ్గరకు వెళ్ళి మాట్లాడినాడు. ఏమి మాట్లాడుకొన్నారో మేము అడగలేదు.

ఆటలో మిగిలినవారి సంగతి కూడ ఉన్నది. దారి తప్పినందున బండ్లు మూడు వారములు ఆలస్యమైనాయి. మిగిలిన నలుగురూ ఆ బరువు మోసినారు. వారి ఇష్టము తెలిసికొనకుండ తన సరదా కొరకు వారిని ముంచివేయుట స్వార్థమే. ఇక్కడైతే మొదటి రోజుననే అందరూ ఒప్పుకొన్నారట. వారిలో ఒక అమ్మాయి తన పాత్రకు పటము చదువుట నేర్పించుకొని, రాత్రివేళ అతడు నిద్రపోయిన తరువాత రహస్యముగా దారి సరిచూస్తుంది. మోషే నోటి మాంద్యము గలవాడైతే నిర్గమకాండము 4వ అధ్యాయములో అహరోను తోడుగా వచ్చినట్లు ఉన్నది అన్నాము. ఆ పిల్ల నవ్వి, "అహరోనుకు ఓవర్‌టైము ఎవరిస్తారంకుల్?" అన్నది.

ఇప్పుడు వారి మధ్య మరొక వివాదము వచ్చింది. నియమముల ప్రకారము ఒక పాత్ర నాలుగవ మెట్టుకు చేరినప్పుడు దాని గుణములలో 2 అంకెలు పెంచుకోవచ్చును. ఆ అమ్మాయి, మిగిలినవారు అతని తెలివిని 6 నుండి 8 చేయుమంటున్నారు. అప్పుడు పటము చదువుటకు 17కు బదులు 16 పడితే చాలును. ఇరవైలో ఐదు సార్లు. అతడు ఒప్పుకోలేదు. మెఫీబోషెతు సంగతి ఎత్తినాడు. సమూయేలు రెండవ గ్రంథము 9వ అధ్యాయములో దావీదు అతనిని లోదెబారునుండి పిలిపించి రాజు బల్లయొద్ద కూర్చుండబెట్టినాడు. అతని కాళ్ళు బాగుపడినవని అక్కడ ఎక్కడా లేదు. ఆ అధ్యాయము ముగింపులో కూడ అతడు కుంటివాడే. "బాగుపడితేనే నన్ను బల్ల దగ్గర ఉంచుకొంటారా?" అన్నాడు. ఆ అమ్మాయి ఊరకుండలేదు. అపొస్తలుల కార్యములు 3వ అధ్యాయము తెరచి, శృంగార ద్వారము దగ్గర కుంటివాని చేయి పట్టి పేతురు లేపినాడా లేదా అని అడిగింది. ప్రేమ ఉన్నవాడు లేవనెత్తకుండ ఎలాగు ఉంటాడని ఆమె వాదన.

ఉపాధ్యాయులము గనుక మా మనస్సు సహజముగా ఆ అమ్మాయి వైపే మొగ్గుతుంది. నేర్పించగలిగినది నేర్పించకుండ ఉండుట మాకు కష్టము. అయినను అతని ప్రశ్నకు మా దగ్గర సిద్ధముగా జవాబు లేదు. ఈ నెల చివరి శనివారము వారు నాలుగవ మెట్టుకు చేరుతారట. ఆ రెండు అంకెలు ఎక్కడ వేస్తాడో అతడు ఇంకా చెప్పలేదు.